వెనక దిక్కు చూపించండి

ఓ చేనేత ప్రదర్శనలో పొద్దుగూకినాక చూసిన ముచ్చట ఇది. పక్కపక్కనే రెండు స్టాళ్లు, రెండింట్లోనూ పోచంపల్లి పట్టుచీరలే. మొదటి స్టాలు ముందు ఒకామె చీర చేతిలోకి తీసుకుని ధర అడిగింది. కుర్రాడు చెప్పాడు. "ఇదే డిజైను బయట ఆరువందలకు ఇస్తున్నారు కదా" అంది ఆమె. కుర్రాడికి రోషం వచ్చింది. "అది వేరే మేడం, మాది ఒరిజినల్" అన్నాడు. ఆమె చీరను మడత చెడకుండా పెట్టేసి పక్కకు జరిగింది.

పక్క స్టాల్లో అరవై దాటిన ఒక పెద్దామె కూర్చుని ఉంది. అదే గిరాకీ, అదే ప్రశ్న. పెద్దామె జవాబు చెప్పలేదు. చీర అందుకుని, ఒక మూర విప్పి, తిప్పి, వెనక దిక్కు పైకి పెట్టింది. "ముంగటెట్లున్నదో ఎనుక గట్లనే ఉన్నదా బిడ్డా? అచ్చు గుద్దితే గిట్లుండది. మేము దారానికే రంగు ఎక్కించి నేస్తం." అంతే. ఆ తర్వాత నోరు మూసుకుని గిరాకీ మొహం వంక చూస్తూ కూర్చుంది. గిరాకీ కుర్చీ లాక్కుంది.

కొన్నదా అంటే, రెండు చీరలు కొని మరో నలుగురిని పిలుచుకొచ్చిందని రాస్తే కథ బాగుంటుంది. ఒకటే కొన్నది. అదీ ఐదువందలు తగ్గించుకుని.

ఇద్దరి సరుకూ ఒకటే, ధరలూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ పావునిమిషంలో ఉంది. కుర్రాడు ఆడిన "ఒరిజినల్" అనే మాట ఆరువందల చీర అమ్మేవాడు కూడా ఆడతాడు, ఇంకా గట్టిగా ఆడతాడు. పెద్దామె చేసిన పని మాత్రం వాడు చేయలేడు. వాడి చీరను తిప్పితే వెనక వెలిసిపోయి ఉంటుంది. వ్యాపారంలో మాటనేర్పు గురించి నాకు తెలిసిందంతా దాదాపు ఇంతే. మిగతాది దీని వివరణ.

ఈ విద్య నేర్పే శిక్షణ తరగతులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ జరుగుతున్నాయి. అలాంటి ఒకదానికి నేనూ పోయి కూర్చున్నాను. హోటలు హాలు, తెర మీద నలభై స్లైడ్లు, మధ్యలో సమోసా. నిలబడే తీరు, చేయి కలిపే తీరు, చిరునవ్వు నవ్వే తీరు చెప్పారు. "కస్టమర్ కళ్లలోకి చూస్తూ మాట్లాడండి" అన్నారు. నా పక్కన విత్తనాల దుకాణం ఆయన కూర్చున్నాడు. "మా దగ్గరికొచ్చెటోడు కండ్లల్లకు సూడడన్నా, సంచి మీద రేటు సూస్తడు" అని గొణిగాడు. ఆ రోజు నేను నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం అదొక్కటే. ఫీజు ఆయనకు ఇవ్వాల్సింది.

ఈ తరగతులు పనికిరావని అనడం లేదు. డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఉపన్యాస తరగతులకూ జనం బిడియం పోగొట్టుకోవడానికే వచ్చారు. బిడియం పోవడం మంచిదే. కానీ బిడియం పోయినవాడు ఏం చెప్పాలన్నది మిగిలే ఉంటుంది. చెప్పడానికి ఏమీ లేనివాడి బిడియం పోతే నష్టం వినేవాళ్లకు.

సరే, పోచంపల్లి చీర దగ్గరికి వద్దాం. అక్కడ చెప్పడానికి కావలసినంత ఉంది, అదే చిక్కు. ఇక్కత్ అని లోకం పిలిచేదాన్ని ఈ ప్రాంతంలో చిటికి అని కూడా అంటారు. మామూలు చీరలో బట్ట నేశాక దాని మీద బొమ్మ వేయొచ్చు. ఇందులో బొమ్మ ముందు దారంలో పుడుతుంది. దారాలను కట్టలుగా సాగదీసి, గ్రాఫు కాగితం మీది లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోస్తే ఆ పట్టీలు వస్తాయి. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మరోచోట కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ దారాలు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా వచ్చి కూర్చుంటే అప్పుడు పువ్వు పువ్వులా కనిపిస్తుంది. పడుగూ పేకా రెండింటికీ ఇలా రంగు కట్టి నేసేదే డబుల్ ఇక్కత్. ఒక దారం వెంట్రుకవాసి జరిగినా పువ్వు రెక్క పక్కకు పోతుంది. కట్టు కింద రంగు కాస్త ఊరడం, దారం కాస్త జరగడం సహజం. అందుకే అసలు చీరలో బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు, ఈక అంచులా మసకగా ఉంటాయి.

ఆ మసక అంచును లోపమనుకునే గిరాకీలు ఉన్నారు. "ప్రింటు క్లియర్‌గా లేదు" అని చీర పక్కన పెట్టినవాళ్లను చూశాను. మనిషి చేసిందనడానికి సాక్ష్యం ఏదో, దాన్నే నాసిరకానికి గుర్తు అనుకుని వెళ్లిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వెనక వైపు కూడా రంగు దిగేలా అచ్చు వేస్తున్నారు కాబట్టి తిప్పి చూపడం ఒక్కటే సరిపోని రోజులు కూడా వస్తున్నాయి. అప్పుడు చేయి పెట్టి చూపాల్సింది ఈ మసక అంచునే.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2004-05లోనే వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి సరుకుల్లో అదొకటి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇదే ప్రాంతంలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాడు గజం గోవర్ధనకు అంతకుముందే, 2011లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ నిజమైన గౌరవాలు. అయితే సర్టిఫికెట్ పటం కట్టి గోడకు వేలాడుతుంది, గిరాకీ చేయి చీర మీద ఉంటుంది. గోడకూ చేతికీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల దూరాన్ని మాటే దాటించాలి.

ఇక అంకెల సంగతి. ఇక్కత్ నేతలో ఆసు పోయడం అని ఒక పని ఉంది. ఒక వైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉన్న చట్రం. దారాన్ని ఇటు మేకు నుంచి అటు మేకుకు, అటు నుంచి ఇటుకు తిప్పుతూ పోవాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఒక చీరకు చేయి అలా దాదాపు 9 వేల సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల సార్లు. ఆలేరు దగ్గర శారాజిపేటలో లక్ష్మి అనే తల్లి ఇలా పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, చదువు మధ్యలో ఆగిపోయిన కొడుకు చింతకింది మల్లేశం యంత్రం చేయడానికి పూనుకున్నాడు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో పూర్తి చేసి, దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం ప్రియదర్శి నటించగా 'మల్లేశం' పేరుతో సినిమా అయ్యింది.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. నేను ఇక్కడ చూసేది ఇంకోటి. ఆ యంత్రం గురించి రెండు విధాలుగా చెప్పొచ్చు. ఒకటి: "ఇక్కత్ నేతలో నేతకు ముందరి దశను యాంత్రీకరించి ఉత్పాదకతను పెంచే పరికరం." రెండు: "మా అమ్మ ఒక్క చీరకు 9 వేల సార్లు చేయి తిప్పేది." మొదటిది విన్న అధికారి తల ఊపి ఫైలు మీద సంతకం పెడతాడేమో. రెండోది విన్నవాడి చేయి తెలియకుండానే భుజం మీదికి పోతుంది. అంకె అందులోనూ ఉంది, కాకపోతే ఆ అంకెకు ఒక చేయి ఉంది. స్లైడ్లు తయారు చేసేవాళ్లు అంకెలు పెడతారు గానీ చేతులు మర్చిపోతారు.

పోచంపల్లి, ఆలేరు ఉన్న పాత నల్లగొండ జిల్లాకు ఇలా చూపించడం కొత్త విద్యేమీ కాదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్న జనం గోడు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా ఎవరికీ వినపడకపోతే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది పోటీలో నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి ఆలోచన అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది. అంతవరకు చదవని వినతిపత్రాన్ని దేశమంతా చదవక తప్పలేదు. నీళ్లు వెంటనే రాలేదు, అది వేరే దుఃఖం. కానీ దాంతో నల్లగొండ అంటే ఫ్లోరైడని దేశానికి తెలిసింది.

అయితే ఇంత నేర్పున్న నేల మీద బేరం ఎందుకు ఓడిపోతోంది? దానికి జవాబు గొంతులో లేదు, ఏర్పాటులో ఉంది. పోచంపల్లిలోనైనా, నారాయణపేటలోనైనా చాలామంది నేతగాళ్లు సావుకారు కింద కూలికి నేస్తారు. నూలు ఆయన ఇస్తాడు, డిజైను ఆయన ఇస్తాడు, చీర ఆయనే పట్టుకుపోతాడు. హైదరాబాదు దుకాణదారుతో మాట్లాడేది ఆయన, గిరాకీతో మాట్లాడేది దుకాణదారు. నేసినవాడికీ కట్టుకునేవాళ్లకీ మధ్య ఇద్దరు ముగ్గురు మాట్లాడేవాళ్లు ఉన్నారు, ఆ వరసలో నేసినవాడు మాత్రం లేడు. ఎవరి నోరు గిరాకీకి దగ్గరగా ఉందో లాభం వాళ్ల దగ్గర ఆగుతుంది.

పాలమూరు వలస కూలీల సంగతీ ఇదే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు చెమట ఉంటుందని పేరు. కానీ పని ఎంతకు ఒప్పుకోవాలో కాంట్రాక్టరుతో మాట్లాడేది గుంపు మేస్త్రీ. అడ్వాన్సు తెచ్చేది ఆయన, లెక్క రాసేది ఆయన. మట్టి ఎంత గట్టిదో, రోజుకు ఎన్ని గజాలు తవ్వగలరో గడ్డపార పట్టినవాడికి తెలిసినంతగా మేస్త్రీకి తెలియదు. తెలిసినవాడు మాట్లాడడు, మాట్లాడేవాడికి కమిషన్. మేస్త్రీలు, సావుకార్లు అందరూ దొంగలని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. నూలుకు పెట్టుబడి పెట్టేది, చీర అమ్ముడుపోకపోతే మునిగేది కూడా సావుకారే. మాటకు ధర ఉందని మాత్రమే అంటున్నాను. ఆ ధర మనం తీసుకోకపోతే మిగిలిపోదు, ఇంకొకరు తీసుకుంటారు.

అడగడం గురించి పోచంపల్లిలోనే జరిగిన పెద్ద పాఠం ఒకటుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చారు. దళిత కుటుంబాలవాళ్లు వచ్చి బతకడానికి భూమి కావాలన్నారు. ఎంత కావాలని వినోబా అడిగారు. 40 కుటుంబాలకు 80 ఎకరాలు, సగం తరి, సగం మెట్ట అని లెక్క చెప్పారు. సర్కారుకు రాద్దామన్న ఆలోచన వచ్చినా, ముందు అక్కడ కూడిన జనాన్నే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది, ఊరి పేరు ముందు 'భూదాన్' చేరింది.

ఆ ఉద్యమం తర్వాత ఏమయ్యింది, పంచిన భూముల్లో సాగుకు పనికొచ్చినవెన్ని అన్నది పెద్ద చర్చ, ఇక్కడ వద్దు. అడిగిన తీరు చూడండి. "పేదలకు న్యాయం జరగాలి" అని ఉంటే సభ చప్పట్లు కొట్టి ఇంటికి పోయేది. 80 అన్నారు. తరి ఎంతో, మెట్ట ఎంతో చెప్పారు. ఇవ్వగలిగినవాళ్లు కూర్చున్న చోటే అడిగారు. అడిగాక ఆగారు. మన వ్యాపార ప్రతిపాదనల్లో తొంభై పాళ్లు చివరి పేజీలో "మీ సహకారం ఆశిస్తున్నాం" అని ముగుస్తాయి. సహకారం ఎన్ని కిలోలో ఎవరికీ తెలియదు. "దసరాలోపు 40 చీరలు తీసుకుంటారా, ఈ నెలాఖరుకు సగం డబ్బు ఇస్తారా" అని అడిగితే అవును అనో కాదు అనో జవాబు వస్తుంది. కాదన్నా నష్టం లేదు, ఇంకో గడప తొక్కొచ్చు. ఆశించడం మీద మాత్రం ఏళ్లు గడుస్తాయి.

అడిగాక ఆగడం మనకు ఇంకా కష్టం. ధర చెప్పి, ఎదుటివాడు నోరు తెరవక ముందే "మీకైతే ఓ ఐదువందలు తగ్గిస్తలే" అనేది మనమే. ఆయన అడగనే లేదు. ఆయన ఫ్యాను తిరుగుతున్నదా లేదా అని పైకి చూశాడంతే.

ఎదుటివాడు అనుమానించినప్పుడు ఏం చేయాలన్నదానికి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిని తలుచుకోవాలి. ఆయన 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అన్న మాట ఆయన చెవిన పడింది. కోపం వచ్చే మాటే. ఎదురు వ్యాసం రాసి తిట్టొచ్చు, సభ పెట్టి ఖండించొచ్చు. ఆయన ఊరూరికీ కబురు పంపి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేయించారు. ఆ పుస్తకం చేతిలో పెట్టాక వాదించడానికి ఏముంటుంది? గిరాకీ "మీరు ఇంత పెద్ద ఆర్డరు చేయగలరా" అన్నప్పుడు "మమ్మల్నే అనుమానిస్తున్నారా" అనే రోషం మనకు ముందు వస్తుంది. చేసిన ఆర్డర్ల ఫొటోలు, తేదీలు, ఎన్ని రోజుల్లో ఇచ్చామన్న లెక్క ఒక చిన్న పుస్తకంలో రాసి ఉంచుకుంటే రోషంతో పని పడదు.

ఈ మాట దుకాణాలకే పరిమితం కాదు. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర చూడండి. తేమ 17 శాతం దాటకూడదన్నది సర్కారు నిబంధన. "వడ్లు మంచిగ ఎండినయి సారూ" అన్న రైతుకు "ఇంకా ఎండాలె" అన్న జవాబు వస్తుంది. వారం తర్వాత తాలు పేరు మీద, తరుగు పేరు మీద కోత పడుతుంది. ముందుగానే తేమ కొలిపించుకుని, తేదీ రాసుకుని, "నిన్న పదహారు వచ్చింది, ఇప్పుడు మీ మిషన్ల పెట్టుండ్రి" అన్న రైతుతో మాట వేరుగా నడుస్తుంది. ప్రతిసారీ గెలుస్తాడని కాదు. మొదటి రైతు దయ అడిగాడు, రెండో రైతు కొలత అడిగాడు. దయకు కాదనడం తేలిక, కొలతకు కాదనాలంటే మిషన్ బయటికి తీయాలి.

ఇక కథలు చెప్పి అమ్మడం. ఇప్పుడు అందరూ 'స్టోరీ' అంటున్నారు. గద్వాల చీరకు ఆ కొరత లేదు. సంస్థానం చరిత్ర ఉంది. ఏటా గద్వాల నుంచి నియమనిష్ఠలతో నేసిన జోడు పంచెలు తిరుమల శ్రీవారికి సమర్పించే ఆనవాయితీ ఉంది. మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందన్న ప్రసిద్ధి ఉంది. ఆ అగ్గిపెట్టె ముచ్చట తెలంగాణలో ఎంత పాకిందంటే, సిరిసిల్ల నేతకారులు కూడా అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి చూపించారు. అచ్చమైన ప్రదర్శనా కళ అంటే అదే: పలచదనం అనే గుణాన్ని, ప్రతి ఇంట్లో ఉండే వస్తువుతో కొలిచి చూపడం. "చాలా సన్నని నేత" అని వందసార్లు అన్నా పుట్టని నమ్మకం ఒక అగ్గిపెట్టెతో పుడుతుంది.

కానీ కథ చెప్పడంలో ఒక గుంట ఉంది. దుకాణంలో ఒకామె గద్వాల చీర పట్టుకుని "ఉతికితే అంచు రంగు బాడీకి అంటుతుందా" అని అడిగింది. అమ్మేవాడు సంస్థానం దగ్గర మొదలుపెట్టాడు, రాజుల దగ్గరికి వచ్చాడు, తిరుమల కొండ ఎక్కాడు. ఆమె ప్రశ్న కింద మెట్ల దగ్గరే నిలబడి ఉంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. విడివిడిగా ఉన్న ఆ రెంటినీ కుప్పడం పద్ధతిలో జత కలుపుతారు. పట్టు అంచు, నూలు ఒళ్లు కాబట్టి ఆమె భయం న్యాయమైనదే. "మొదటిసారి డ్రైక్లీనింగుకు ఇవ్వండమ్మా, ఇంట్లో నానబెట్టకండి" అని ఒక్క మాట చెబితే ఆ ప్రశ్న తీరిపోయేది. ఆ తర్వాత రాజుల కథ చెబితే ఇష్టంగా వినేది. సరుకులో ఉన్న చిక్కును మనమే ముందు చెబితే తర్వాత చెప్పే గొప్పలు నమ్ముతారు. మొత్తం గొప్పలే చెప్పేవాడిని ఎవరూ నమ్మరు, మర్యాదకు తల ఊపుతారు.

మన సభల అలవాటు కూడా బేరానికి అడ్డు వస్తోంది. మైకు పట్టగానే సభాధ్యక్షుల నుంచి వేదిక కింద కూర్చున్న మాజీల వరకు పేరుపేరునా నమస్కారం చెబుతాం. శాలువాల సమయానికి విషయం మొదలవుతుంది. కొనుగోలుదారు దగ్గర పది నిమిషాలు దొరికితే అందులో ఆరు నిమిషాలు సంఘం ఎప్పుడు స్థాపించారు, అధ్యక్షులెవరు, కార్యదర్శులెవరు అన్నదానికే పోతాయి. ఆయనకు కావలసింది మూడు సంగతులు: సరుకు చేతికి ఎలా ఉంటుంది, ఎంతకు వస్తుంది, చెప్పిన రోజుకు వస్తుందా. మొదటి నిమిషంలో సరుకు ఆయన చేతిలో పెట్టండి. స్థాపకుల ఫొటోలు ఆయన అడిగినప్పుడు చూపిద్దురు గానీ.

భాష సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో, మగ్గం దగ్గర చమత్కారంగా, అంకెలతో సహా మాట్లాడే మనిషి, ఎదురుగా టై కట్టుకున్నవాడు కూర్చోగానే సినిమా తెలుగులోకో, వచ్చీరాని ఇంగ్లీషులోకో దూకుతాడు. దాంతో తనకు తెలిసింది సగం పోతుంది. "ఎనుక గట్లనే ఉన్నదా బిడ్డా" అన్న మాటను పుస్తక భాషలోకి మార్చి చూడండి, దాని పదును ఎక్కడుందో తెలుస్తుంది. 'మల్లేశం' సినిమా పాత నల్లగొండ యాసలోనే మాట్లాడింది, ఎవరికీ అర్థం కాకపోలేదు. బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారుతో ఇంగ్లీషు అవసరమే. కాలేజీకి పోతున్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమె ఇంగ్లీషులోకి మారుస్తుంది. కానీ మాట మీదే కావాలి. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, రబ్బరు పట్టీ ఎక్కడ కట్టాలో మీకు వచ్చు.

ఫోను గురించి క్లుప్తంగా. నేతగాళ్ల వాట్సాప్‌లో నాకొచ్చే చీరల ఫొటోలు చాలావరకు ట్యూబులైటు కింద తీసినవి, మూలన పూలు, "శుభోదయం". పగటి వెలుతురులో, ఇంటి ముందు దండెం మీద వేసి మూడు ఫొటోలు తీస్తే చాలు. ముందు ఒకటి, వెనక ఒకటి, బొమ్మ అంచు దగ్గరగా ఒకటి. కింద ధర, నేసిన మనిషి పేరు, ఎన్ని రోజులు పట్టిందో రాయండి. ధర రాయకుండా "ఇన్‌బాక్స్‌లో అడగండి" అనేవాళ్లను నేను ఎన్నడూ అడగలేదు. నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు.

ఇంత చెప్పాక ఇవతలి పక్షానికీ ఒక మాట చెప్పాలి. మాట్లాడే భారమంతా నేసినవాళ్ల మీద వేసి, కొనేవాళ్లం చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుండదు. పోచంపల్లి హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఒక ఆదివారం పోండి. చీరల దుకాణానికి పోకముందు, చేత్తో ఆసు పోస్తున్న ఇల్లు ఒకటి చూసి, అడిగి లోపలికి పోయి పది నిమిషాలు కూర్చోండి. ఆసు పోసే ఆమె చేయి ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. రెండువందల దగ్గర లెక్క తప్పుతారు. ఆ తర్వాత ధర అడగండి.